మూడుసార్లు గెంతిన మనిషి

తూకం వేసేవాడితో ఎవరూ మాట్లాడరు. వాడి బొటనవేలు చూస్తారు. అది పళ్లెం అంచుకు ఆనిందా, గొలుసును తాకిందా, ముల్లు నిలవకముందే బస్తా దింపేశాడా అన్నదే వాళ్లకు కావాలి. డుంబ్రిగుడ సంతలో కాటా పట్టిన ఇన్నేళ్లలో నా ముఖం గుర్తున్నవాళ్లు ఎందరో తెలియదు గాని, నా కుడిచేతి బొటనవేలిని గుర్తుపట్టేవాళ్లు హుకుంపేట దాకా ఉంటారు.

నేను కొండెక్కింది తొంభైల మొదట్లో. దిగువనుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్న ఒక వర్తకుడి దగ్గర చింతపండు, పసుపు, పిప్పళ్లు, వలిసెలు తూచే పని. నా చదువు ఏడో తరగతిలో ఆగింది. లెక్క మాత్రం ఆగలేదు. ఎవరూ నేర్పకపోయినా, చేతిలో కాటా ఉన్నవాడికి బుర్రలో భాగహారం దానంతటదే పెరుగుతుంది. బస్తాను చూసి బరువు చెప్పగలిగేవాణ్ని. మంచుకు తడిసిన చింతపండులో నీరెంతో, పండెంతో వేలితో నొక్కి విడదీయగలిగేవాణ్ని. కర్ర పాతి, దాని నీడను బట్టి సిల్వరోక్ చెట్టు ఎత్తు లెక్క కట్టేవాణ్ని. కట్టాక, ఫలానా చెట్టు ఇంత ఎత్తు అని చెప్పడానికి పక్కన మనిషి ఉండేవాడు కాదు.

పెళ్లైన కొత్తలో నా భార్య ఇక్కడికి వచ్చింది. ఒక వానాకాలం ఉంది. చలిజ్వరం వచ్చి తగ్గి మళ్లీ వచ్చింది. "ఈ కొండ నాకు పడదు, దిగిపోదాం" అంది. దిగితే నాకు పని లేదు. సొరంగాల రైలెక్కి ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. మేం పోట్లాడుకోలేదు. ఆమె మళ్లీ ఎక్కలేదు, నేను దిగలేదు. మొదట్లో పండగలకు వెళ్లేవాణ్ని. తర్వాత పండగ వచ్చినట్టు కేలండరు చెప్పేది, నేను వినేవాణ్ని, అంతే.

కొట్టు వెనక గోదాము, గోదాము వెనక నా గది. సంత లేని రోజుల్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా నోట ఒక్క మాట రాని రోజులు ఉండేవి. సంత రోజున వచ్చే మాటలన్నీ అంకెలే. "ముప్పయి రెండు. ముప్పయి రెండున్నర. దించు."

సంతబజారు చివర, జీపులు ఆగే చోట, రేకుల పాక ఒకటి ఉండేది. అందులో రంగుల టీవీ, కింద వీసీడీ పెట్టె, వెనక జెనరేటరు. దాన్ని నడిపే ఆవిడ శ్రీకాకుళం వైపు మనిషి, భర్త పోయాక కొండెక్కింది. ముందు పకోడీలు వేసేది, లోపల బొమ్మ ఆడించేది. నేను ఆవిణ్ని అక్క వరసలో అప్పా అనేవాణ్ని. ఆవిడ నన్ను తమ్మూ అనేది. సంత మధ్యాహ్నానికి సడలుతుంది. జీపులు నిండి కదిలేదాకా ఊళ్లవాళ్లకు కాస్త ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఆ పాక నిండిపోయేది.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు అనుకుంటాను, ఆవిడ విశాఖ వెళ్లి కొత్త బొమ్మలు కొన్ని తెచ్చింది. అందులో ఒకటి దెబ్బలాటల సినిమా. జనం దాన్ని చైనా బొమ్మ అన్నారు. వీసీడీ పళ్లెం మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివితే థాయిలాండ్ అని ఉంది. పళ్లెం చివర కొంచెం గీత పడింది గాని బొమ్మ ఆగేది కాదు. కథ ఇంత. తాటిచెట్లెక్కే పల్లెటూరి కుర్రవాడు ఒకడు. పట్నం రౌడీలు వాడి అక్కను పట్టుకుపోయి బజారులో ఒక మేడ మీద దాస్తారు. వాడు కాళ్లకు చెప్పులు లేకుండా పట్నం పోతాడు. కత్తి లేదు, తుపాకి లేదు. మోచేతులు, మోకాళ్లు, అంతే. ఆ మోకాలు మనిషి గుండె మీద పడినప్పుడు పాకలో ఆడవాళ్లు కూడా "అబ్బ" అని తమ గుండె పట్టుకునేవారు.

మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. దాని సుఖం దానికుంది. తెలుగు బొమ్మ ఆడేటప్పుడు మేం దిగువవాళ్లం ముందు నవ్వేవాళ్లం, కొండవాళ్లు మమ్మల్ని చూసి ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవారు. ఈ బొమ్మకు పాకంతా ఒక్కసారే నవ్వింది. ఆ నవ్వులో నేనూ ఉన్నాననిపించి, వచ్చే సంతకూ వెళ్లాను.

ఆ రెండోసారి నా పక్కన ముందు బల్ల మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. టీవీకి అంత దగ్గర పిల్లలు తప్ప ఎవరూ కూర్చోరు. నేను మామూలుగా వెనకే కూర్చుంటాను, ఆ రోజు చోటు లేక ముందుకు వచ్చాను. ఆయన్ని నేనెరుగుదును. పై ఊరి దిసారి. అంటే ఎండపొడను, నీడను, చుక్కలను చూసి విత్తనం ఎప్పుడు జల్లాలో, వేటకు వెళ్లే ఇటుకల పండుగ ఏనాడు పెట్టాలో, ఎవరికి ఏ పూట మంచిదో ఊరికి చెప్పే పెద్ద. కోడలు పసుపు బుట్టతో ముందు నడిచేది. ఆమె కాలి కడియాలు గలగలమనేవి. ఆయన కర్ర పట్టుకుని వెనక నడిచేవాడు. తూకం దగ్గర ఆయన ఒక్కడే నా బొటనవేలు చూసేవాడు కాదు. ఆకాశంకేసి చూస్తూ, "ముల్లు నిలబడ్డాదా బాబూ?" అని అడిగేవాడు. "నిలబడ్డాది తాతా" అనేవాణ్ని. తల ఊపేవాడు. ఒక మనిషి నన్ను నమ్ముతున్నాడని నేను అప్పటికే లోలోపల దాచుకుని ఉన్నాను.

సినిమాలో ఒక చోట ఆ కుర్రవాడు మేడ మీదనుంచి బజారులోకి దూకుతాడు. కింద కూరగాయల బండి, దాని పక్కన నీళ్లకుండ. దూకడం ఎదురునుంచి చూపిస్తారు. మళ్లీ పక్కనుంచి చూపిస్తారు. మళ్లీ కిందనుంచి, వాడు మన నెత్తిన పడుతున్నట్టు చూపిస్తారు. తాళ్లు, మాయలు లేకుండా నిజంగా దూకాడని మనం నమ్మాలి కదా, అందుకు.

ముసలాయన తొడ మీద చరుచుకుని అన్నాడు, "మూడుసార్లు గెంతినాడు. ఆయ్, గుంటడంటే ఆడు."

నేను ఊరుకోలేకపోయాను. లెక్క తప్పితే నా ఒళ్లు ఊరుకోదు. "ఒక్కసారే గెంతినాడు తాతా. మూడు పక్కల్నుంచి సూపించినారు."

"ఒక్కసారి గెంతితే ఒక్కసారే కనిపిత్తాది గదా. అయిపోయిన పని మళ్లీ ఎలాగ కనిపిత్తాది?"

"మూడు కెమెరాలు పెడతారు. ఒకటి ఎదర, ఒకటి పక్కన, ఒకటి కింద."

"మూడు ఎందుకు పెట్టినారు? మూడుసార్లు గెంతుతాడు కాబట్టి."

వెనకనుంచి అప్ప గరిట చూపించి కేకేసింది. "మీ ఇద్దరి యవ్వారం కాదు గాని, జనాల్ని బొమ్మ సూడనియ్యండి!"

బయటికి వచ్చాక ఆయన జీపు దగ్గర నిలబడి చెప్పాడు. వాళ్ల ఊళ్లో విత్తు జల్లేటప్పుడు దిసారి మూడు పిడికిళ్లు జల్లుతాడట. మొదటిది కొండకి. రెండోది ఊరికి. మూడోది మాత్రమే చేను గలవాడికి. "నీ కోసం నువ్వు సేసుకునే పని ముందరే సెయ్యకూడదు బాబూ. అక్క కోసం గెంతినాడు గదా. కొండకో గెంతు, ఊరికో గెంతు ఇచ్చీసి, అప్పుడు అక్క కోసం గెంతినాడు. పెంపకం గల గుంటడు."

జీపు కదిలింది. నేను గదికి వచ్చి గంజి కాచుకుంటూ ఆయనకు చెప్పవలసిన జవాబు పైకే అన్నాను. నా గదిలో నా గొంతు విని నాకే కొత్తగా తోచింది.

ఆ వారమంతా ఆ ఒక్క సంగతే ఆలోచించాను. ఇదివరకు సంత అయిపోగానే తర్వాతి సంతకు మధ్య ఒక పెద్ద ఖాళీ ఉండేది. ఇప్పుడు ఆ ఖాళీకి ఒక పని దొరికింది. కుండ ఆలోచన నాదే. దూకినప్పుడు బండి ఒరిగి కుండ పగులుతుంది. మూడుసార్లు దూకితే మూడు కుండలు పగలాలి. ఈ మాట పట్టుకుని తర్వాతి సంత మధ్యాహ్నం ముందు బల్ల మీద ఆయన పక్కనే కూర్చున్నాను.

"సూడు తాతా, కుండ పగిలింది. ఇప్పుడు పక్కనుంచి. కుండ మళ్లీ నిలువునా ఉంది సూడు. మళ్లీ పగిలింది. అదే కుండ."

"కొత్త కుండ ఎట్టినారు."

"మూతి దగ్గర అదే పెచ్చు ఊడి ఉంది గదా!"

"కుమ్మరి ఒక్కడే అయితే పెచ్చులూ ఒక్కలాగే ఉంటాయి."

పక్కనున్నవాళ్లు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఓడిపోయి నవ్వడం నాకు అలవాటు లేదు. ఆ రోజు సుఖంగానే ఉంది.

మరోసారి కాలి సంగతి తీశాను. మేడ ఎత్తు కిటికీలను బట్టి లెక్క కట్టాను. కిటికీ మనిషంత, కిటికీకీ కిటికీకీ మధ్య గోడ మరో మనిషంత. అంత ఎత్తునుంచి పడ్డవాడు బండి మీద పడినా రెండోసారి మేడెక్కలేడు. దూకాక వాడు కుడికాలు ఈడుస్తాడు కూడాను. "అదిగో, కుంటతన్నాడు, కుడికాలు" అన్నాను.

"మరి కుంటడా? మూడుసార్లు గెంతినోడు కుంటడా?" అన్నాడాయన. "నువ్వు సెప్పినట్టు ఒక్కసారే గెంతుంటే అంత కుంటుడెందుకు?"

ఇలా నేను తెచ్చిన ప్రతి సాక్ష్యమూ ఆయన సంచిలోకే వెళ్లేది. నేను మళ్లీ వెతుక్కునేవాణ్ని. ఒక మధ్యాహ్నం గోదాము అటకెక్కి చింతపండు బస్తాలు కిందికి తోసి, పడేదాకా ఒకటీ రెండూ లెక్కపెట్టుకుంటున్నాను. నిజంగా పడడానికి పట్టేదానికన్నా సినిమాలో ఎక్కువసేపు పట్టిందని, అంటే ఒక్క గెంతునే మళ్లీమళ్లీ చూపించారని రుజువు చేయాలి. పకోడీలకు శనగపిండి అడగడానికి వచ్చిన అప్ప గుమ్మంలో ఆగిపోయింది.

"ఏటి తమ్మూ, సేత్తన్నావు?"

"తాతకి లెక్క సూపించాలి అప్పా."

ఆవిడ పడ్డ బస్తాలను చూసింది, అటక మీద నన్ను చూసింది. "పెళ్లాం దగ్గిరికి ఎల్లి రారాదా? బస్తాలతో ఆడుకుంటన్నాడమ్మా మనిసి" అంది. గొంతులో నవ్వే ఉంది. శనగపిండి తీసుకుని వెళ్లిపోయింది. నేను అటక దిగి బస్తాలు మళ్లీ సర్దాను. అప్పుడు నాకు తెలిసింది, నాకు కావలసింది గెలుపు కాదని. సంత రోజు మధ్యాహ్నం ఆ బల్ల మీద ఆయన పక్కన ఉండే కొద్దిసేపు కావాలి. రుజువు దొరికి ఆయన "ఔను బాబూ, ఒక్కసారే" అనేస్తే తర్వాత ఏం మాట్లాడుకుంటాం? అయినా నేను వెతకడం మానలేదు. వెతక్కపోతే తీసుకెళ్లడానికి నా చేతిలో ఏమీ ఉండదు.

ఆ పైన కోడి దొరికింది.

బజారు అంచున, తెర ఎడమవైపు మూలలో, ఒక తెల్లకోడి ఉంటుంది. మనిషి పైనుంచి పడుతుండగా అది ఒంటికాలి మీద ఆగి, రెక్క విదిల్చి, సందులోకి పరుగెత్తుతుంది. పక్కనుంచి చూపించినప్పుడు దూరంగా అదే కోడి, అదే ఒంటికాలు. కిందనుంచి చూపించినప్పుడు రెక్క చివర మాత్రం కనిపిస్తుంది. కుండను మళ్లీ పెట్టగలరు. మనిషి మళ్లీ దూకగలడు. కోడిని మళ్లీ అదే కాలి మీద నిలబెట్టి అదే రెక్క విదిలించమనడం ఎవరి తరం?

ఇది చెబితే ఆయన దగ్గర జవాబు ఉండదని నాకు తెలుసు. కోడి గురించి కొండవాళ్లకు ఒకరు చెప్పాలా? ఏ దేవతకు ఏ రంగు కోడో, ఈకలో మచ్చ ఎక్కడుంటే పనికిరాదో దిసారికి తెలియదా? భయం భయంగానే చెప్పాను.

"తాతా, ఆ మూల కోడిని సూడు."

"ఏ కోడి?"

"అదిగో, తెల్లది. ఒంటికాలి మీద ఆగింది."

"ఏ కోడి?"

"ఎడమ పక్క! అదిగో పరిగెత్తింది!"

"నాకే కోడీ కనపళ్లేదు బాబూ" అన్నాడు ముసలాయన, టీవీకేసి నవ్వుతూ.

మొండితనం అనుకున్నాను. తర్వాతి సంతలోనూ అదే. నేను వేలు పెట్టి చూపిస్తే, వెనకవాళ్లు "ఔను తాతా, కోడి ఉంది" అని అరిస్తే, ఆయన మాత్రం "ఏ కోడి?" అనేవాడు. అందరూ దాన్ని ఆయన వెటకారం కింద జమ కట్టారు. సంతలో ఎవరు ఏది దాచినా "ఏ కోడి?" అనడం కొన్నాళ్లు మాటైపోయింది. నాకు మాత్రం కొంచెం బాధ వేసింది. కళ్లెదుట ఉన్నదాన్ని లేదంటే ఇక వాదం ఎందుకు?

అంతలో చలి ముదిరింది. వలిసె పూలు రాలిపోయాయి. ఆయన ఒక సంతకు రాలేదు. మరో సంతకూ రాలేదు. కోడలు ఒక్కతే బుట్టతో వచ్చి తూకం వేయించుకుని వెళ్లేది. నేను పాకకు వెళ్లి ముందు బల్ల మీద కూర్చుంటే పక్కన చోటులోకి ఎవరో పిల్లలు వచ్చేవారు. అక్కడ ఎవరున్నా నాకు ఖాళీగానే ఉండేది.

ఒకరోజు అప్ప చెప్పింది. ఊళ్లలో డిష్షులు వచ్చేస్తున్నాయి, పాకకు జనం తగ్గారు, కూతురు కానుపుకు దిగువకు వెళ్లాలి, ఇక తిరిగి రాదు. వచ్చే సంతే ఆఖరు. "ఆఖరిసారి మీ గెంతుడు బొమ్మే ఆడిత్తాను తమ్మూ. ఆ ముసిలోణ్ని కూడా తోలుకురా. మీ గోల లేకపోతే బొమ్మ సప్పగా ఉంటంది."

ఆ రోజు కోడలి పసుపు తూస్తూ అడిగాను. "మీ మావ రావట్లేదేటి?"

"రాడు."

"ఒంట్లో బాగులేదా?"

ఆమె నా బొటనవేలినుంచి కళ్లెత్తి మొదటిసారి నా ముఖం చూసింది. "కళ్లు కనిపించవు గదా. నీకు తెలవదా? సంతసంతకీ పక్కనే కూకుంటావు."

ముల్లు నిలిచిందో లేదో చూడకుండానే బుట్ట దించేశాను. ఆమె "మళ్లీ ఎట్టు" అంది. మళ్లీ పెట్టాను.

సంత లేని రోజు చూసుకుని పై ఊరికి వెళ్లాను. ఇన్నేళ్లలో సంతకు వచ్చేవాళ్ల ఊళ్లలో ఒక్కదానికైనా నేను వెళ్లలేదు. దారి కాఫీ తోటల్లోంచి. మిరియాల తీగల కింద తడి ఇంకా ఆరలేదు. ఊరి మొదట్లో కుక్కలు అరిచాయి, పిల్లలు "కాటా వోడు, కాటా వోడు" అని లోపలికి పరుగెత్తారు. కాటా లేకుండా వచ్చిన కాటావాణ్ని చూసి పెద్దవాళ్లూ గుమ్మాల్లోకి వచ్చారు.

ఆయన ఇంటి ముందు అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. కంటిపాపల మీద పొర ఉంది, గంజి మీద తెట్టులాగా. సంతలో ఇన్నాళ్లూ నేను అది చూడలేదా? చూడలేదు. ఆయన ఎప్పుడూ ఆకాశంకేసి చూసేవాడు, నేను ముల్లుకేసి చూసేవాణ్ని.

"ఎవులది?"

"నాను తాతా. తూకం బాబుని."

ఆయన ముఖం విప్పారింది. "ఇక్కడికొచ్చినావా? ఏటి, కొత్త సాచ్చం తెచ్చినావా?"

పక్కన కూర్చున్నాను. కోడలు అంబలి ఇచ్చింది. కాసేపటికి ఆయనే చెప్పాడు. రెండు మూడేళ్లనుంచి తగ్గుతూ వచ్చిందట. దిసారికి కళ్లు లేవంటే నీడ ఎవరు చూస్తారు, చుక్కను ఎవరు పట్టుకుంటారు? అందుకని దాచాడు. ఎండ ఏ చెంప మీద పడిందో చూసుకుని పొద్దు చెప్పేవాడు. చుక్కల సంగతి మనవరాలి చేత మాటల్లో రాబట్టేవాడు. కోడలి కడియాల చప్పుడు పట్టుకుని సంతకు దిగేవాడు. ఈ ఏడు కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండగకు రోజు తప్పు చెప్పాడు. ఊరికి తెలిసిపోయింది. వేరే దిసారిని పెట్టుకున్నారు. ఎవరూ ఒక మాట అనలేదు, పెద్దరికం తగ్గించలేదు. అడగడం మాత్రం మానేశారు.

"మరి బొమ్మ ఎలాగ సూసేవోడివి?" అన్నాను.

"నువ్వున్నావు గదా."

నాకు అర్థం కాలేదు.

"ముందర నీడలాగ కనిపించేది. మూడుసార్లు ఏదో పడ్డాది, మూడుసార్లు జనం అరిసినారు. మూడన్నాను. నువ్వు కాదన్నావు. కాదని నోరు మూసుకున్నావా? నేదు. కుండ సెప్పినావు. కుండ మూతి పెచ్చు సెప్పినావు. ఏ కాలు కుంటతన్నాడో సెప్పినావు. నాను ఔనంటే నువ్వు ఆపీసీవోడివి. కాదంటే ఇంకా సెప్పీవోడివి. సెప్తంటే నాకు కనిపించీది." ఆయన నవ్వాడు. "ఆ కోడి మాత్రం బేగి పారిపోయేది. సరిగ్గా సెప్పక ముందే పోయీది."

నేను అంబలి గిన్నె కింద పెట్టాను. ఆయన తగువు పెట్టుకున్నది ఎందుకో తెలిసింది. నా తగువు ఎందుకో ఆయనకు తెలుసా అని అడగాలనుంది. నోటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"ఆకరి ఆట తాతా, వచ్చే సంతకి. పాక ఎత్తేత్తన్నాది. రా. నాను సెప్తాను అంతా."

తల అడ్డంగా ఊపాడు. "సెయ్యి పట్టుకుని దింపితే సంతంతా సూత్తాది. దిసారిని తోలుకొత్తన్నారంటారు. రాను. ఇక్కడ సెప్పు."

అక్కడే చెప్పాను. తాటిచెట్టునుంచి మొదలుపెట్టాను. ముక్కలు ముక్కలుగా తగువులో దొర్లినవన్నీ మొదటిసారి వరసలో చెప్పాను. అక్క నవ్వు, రౌడీల బండి రంగు, చెప్పుల్లేని కాళ్లు, మోకాలు ఎక్కడ పడిందో, ఎవడు ఎటు తూలాడో. పిల్లలు చుట్టూ చేరారు, కొందరు పెద్దలూ నిలబడ్డారు. మాట్లాడి మాట్లాడి నా గొంతు బొంగురుపోయింది. మేడ దగ్గరికి వచ్చేసరికి ఆయన ముందుకు వంగాడు.

"గెంతినాడు" అన్నాను. ఎదురునుంచి ఎలా కనిపించాడో చెప్పాను.

ఆయన కదల్లేదు. ఎదురుచూస్తున్నాడు.

పక్కనుంచి చెప్పాను. తర్వాత కిందనుంచి. లెక్కప్రకారం తప్పు. ఆగడం నా వల్ల కాలేదు. పిల్లలు మూడుసార్లూ అరిచారు.

"కోడి?" అన్నాడు.

"ఒంటికాలి మీద ఆగింది. రెక్క ఇదిలించింది. సందులోకి ఎల్లిపోయింది."

"ఏ రంగు?"

"తెలుపు."

"మచ్చ ఉందా?"

ఆలోచించాను. "నేదు. మల్లెపువ్వునాగ ఉంది."

ఆయన చేత్తో మోకాలు తట్టుకున్నాడు. "అద్గదీ. మచ్చలేని తెల్లకోడి పొద్దుదేవుడిది. దాన్ని పట్టుకోలేదు గదా? ఎల్లిపోయింది గదా? కోడి దక్కనప్పుడు గెంతు సెల్లదు. అందుకే మళ్లీ గెంతినాడు. మళ్లీ ఎల్లిపోయింది, మళ్లీ గెంతినాడు. ముందరే ఈ కోడి సంగతి సరిగ్గా సెప్పుంటే ఇన్నాళ్ల తగువు ఉండకపోను."

చుట్టూ ఉన్నవాళ్లు "ఔనౌను" అన్నారు. నా దగ్గరున్న అన్నిటికన్నా బలమైన రుజువు కూడా ఆయన సంచిలోకి వెళ్లిపోయింది.

పొద్దు వాలకముందే దిగాను. ఆయన అరుగు మీదనుంచి "బేగి ఎల్లు, మంచు దిగతాది" అన్నాడు. ఎండ ఆయన కుడి చెంప మీదనుంచి అప్పటికే తప్పుకుంది.

ఆఖరి ఆటకు పాక నిండింది. ముందు బల్ల మీద నా పక్కన ఎవరో కుర్రజంట కూర్చుంది. బొమ్మ మొదలైంది. తాటిచెట్టు, అక్క, బండి. కాసేపటికి వెనకనుంచి ఎవరో నా భుజం తట్టారు.

"ఏటయ్యా ఆ గొణుగుడు? బొమ్మ సూడనీ."

నా పెదవులు కదులుతున్నాయని అప్పుడు తెలిసింది. నోరు మూసుకున్నాను. మేడ వచ్చింది. మొదటిసారి దూకాడు, రెండోసారి దూకాడు, మూడోసారి దూకాడు. ఎవరూ ఎవరితోనూ తగువు పడలేదు. మూలనున్న కోడికేసి నేనొక్కణ్నే చూశాను. పాక ఎత్తేసేటప్పుడు అప్ప ఆ వీసీడీ పళ్లెం నా చేతిలో పెట్టి, "ఉంచు తమ్మూ" అంది. నా గదిలో దాన్ని ఆడించే పెట్టె లేదు. మేకుకు తగిలించాను.

తర్వాతి సంతలో జీపుల దగ్గర పాక ఉన్న చోట నేల మీద నాలుగు గుంజల గుంటలు, పకోడీ నూనె మరకా ఉన్నాయి. నేను పొద్దుటినుంచి అంకెలు తప్ప మరేమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం దాటాక దిసారి కోడలు వచ్చింది. పసుపు బుట్ట పళ్లెంలో పెట్టి, నా బొటనవేలికేసి చూస్తూనే అంది.

"మావ అడగమన్నాడు."

"ఏటని?"

"మొన్న ఆకరి ఆటలో ఆ కోడి దొరికిందా అని."

ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. అది నిలిచేదాకా ఆగాను.

"దొరకలేదని సెప్పు" అన్నాను. "మళ్లీ గెంతాలని సెప్పు."

ఆమె తల ఊపింది. నేను బుట్ట దించి, వెనకనున్న మనిషి బస్తాకు చేయి చాచాను.